కామెర్ల అంకె ఒక్కటే చూసి మురిసిపోకండి

ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా రిపోర్టుల కవరు చివరికి చేరేది మన చేతికే కదా! డబ్బు సంగతీ, కారు సంగతీ మగవాళ్లు చూసుకుంటారు. ఏ పూట ఏ మాత్ర వేశాం, ఎన్ని మెతుకులు తిన్నారు అన్నది మనకే తెలియాలి. ఇంటర్‌తో చదువు ఆపేసిన నేను ఆ కవర్లు తిరగేస్తూ నేర్చుకున్న నాలుగు ముక్కలు మీకు చెబుతాను.

2022 ఫిబ్రవరిలో మా పెద్దాడపడుచు వదినగారికి కళ్లు పచ్చబడ్డాయి. జ్వరం లేదు, నొప్పి లేదు. ఒళ్లంతా ఒకటే దురద. మూత్రం ముదురు రంగు, విరేచనం సుద్దలా తెల్లగా. పసరు మందు పోయిద్దాం, చప్పిడి పథ్యం పెడదాం అన్నారు చుట్టాలు. మావారు వినకుండా స్కానింగ్‌కి తీసుకెళ్లారు. కాలేయం నుంచి వచ్చే రెండు పైత్యనాళాలు కలిసేచోట గడ్డ ఉందనీ, అది కేన్సరనీ తేలింది.

బిలిరుబిన్ 18! మామూలుగా ఒకటికి అటూ ఇటూ ఉండాలి. ఇంటిల్లిపాదీ ఏడ్చాం. డాక్టరమ్మ మాత్రం, "ఈ అంకె ముఖ్యంగా గొట్టం ఎంత మూసుకుపోయిందో చెబుతుందమ్మా, ఎన్నాళ్లు బతుకుతారో కాదు" అన్నారు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, జి.జి.టి. అనేవి పెరిగిందీ అందుకేనట. స్టెంట్ వేశారు. ఆరు వారాల్లో 18 కాస్తా రెండుకి దిగింది. దురద పోయింది. ఇంట్లో పండగే!

ఇక్కడే జాగ్రత్తగా వినండి. అంకె దిగిందంటే దారి తెరుచుకుందని అర్థం, గడ్డ కరిగిందని కాదు.

ఆ పక్కనే అల్బుమిన్ అని ఉంటుంది, చూడండి. అది కాలేయం తయారుచేసే మాంసకృత్తు. 3.5 నుంచి 5 దాకా ఉండాలి. వదినగారికి 2.8. ఇది తక్కువైతే ఆపరేషన్‌కీ, మందులకీ ఒళ్లు తట్టుకోవడం కష్టం. ఈ రెండు అంకెలూ కలిపి లెక్కకట్టే పద్ధతి 2015లో కాలేయ కేన్సర్ కోసం వచ్చింది. తర్వాత పైత్యనాళ కేన్సర్‌లోనూ దాన్ని పరిశీలించారు. అందుకే చప్పిడి పథ్యాలతో కడుపు మాడ్చకండి. డాక్టరుని అడిగి గుడ్డు, పెరుగు, మెత్తటి పప్పు కొంచెం కొంచెంగా పెట్టండి.

సి.ఏ. 19-9 అనే పరీక్ష ఒకటుంది. కామెర్లున్నప్పుడు వాటివల్ల కూడా అది పెరుగుతుంది. కామెర్లు తగ్గాక మళ్లీ చేయించాలి. కొందరి ఒంట్లో అది అసలు తయారే కాదు.

వీటన్నిటికన్నా పెద్ద ప్రశ్న - గడ్డను పూర్తిగా తీసేయగలరా, లింఫు గ్రంథులకు పాకిందా అన్నది. వదినగారికి అది రక్తనాళాలను చుట్టుకుంది. తీయడం కుదరదన్నారు.

"నాకెన్నాళ్లుందో చెప్పండి" అని వదినగారే అడిగారు. డాక్టరమ్మ దాచలేదు. "నెలల లెక్కేనమ్మా. మందులిస్తాం. కామెర్లు తగ్గిన ఈ రోజుల్ని మీకు నచ్చినట్టు గడపండి" అన్నారు.

నచ్చినట్టే గడిపారు. మే నెలలో పుట్టిల్లని మా ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చుని "కారం ఇంకాస్త పడాలమ్మాయ్" అంటూ నాచేత ఆవకాయ పెట్టించారు. కోడళ్లకి నగలు తనే పంచారు. బిలిరుబిన్ తగ్గింది, నయమైపోతుందని మేము ఆవిడకి చెబుతూ కూర్చుంటే ఆ పనులన్నీ ఆవిడ మనసులోనే ఉండిపోయేవి. 2023 సంక్రాంతికి ముందు వెళ్లిపోయారు.

మీ ఇంట్లో ఇలాంటి కష్టం రాకూడదు. వస్తే మాత్రం పాల లెక్క రాసినట్టే తేదీ వేసి బిలిరుబిన్, అల్బుమిన్ పక్కపక్కనే రాసుకోండి. "గడ్డ సంగతేమిటి?" అని విడిగా అడగండి. స్టెంట్ ఉన్నవాళ్లకి చలిజ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నొప్పి లేని కామెర్లని మాత్రం పసరు మందుకి వదిలేయకండి.