చివరి మడికి నీరు

పూర్వము తెలంగాణ గ్రామములందు నీరటి యను గ్రామసేవకు డుండెడివాడు. చెరువు తూము తెరచుట, మూయుట, పొలములకు వంతు ప్రకారము నీరు పంచుట అతని విధులు. చివరి మడికి నీరందలేదని రైతు మొరపెట్టుకొన్నచో నీరటి వెంటనే చెరువును నిందింపడు. పార భుజమున వేసికొని, ఆ మడి గట్టు నుండియే నడక మొదలిడి, పిల్లకాలువను, పెద్దకాలువను, తూమును వరుసగా చూచుకొనుచు ఎగువకు పోవును. నీరు నిండుగా నున్న చోటికిని, లేని చోటికిని నడుమనే గండి యున్నదని అతడెఱుగును.

జగిత్యాల జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడక పూర్వము కరీంనగర్ జిల్లాలో నుండిన ధర్మపురికి సమీపమున, గోదావరి యొడ్డునగల ఒక గ్రామములో అట్టి నీరటి వంశమువాడగు వృద్ధుడు కలడు. అతని మనుమరాలు ఇంటర్మీడియెట్ ముగించెను. ఆ యింట కళాశాల ముఖము చూడబోవు మొదటి బిడ్డ ఆమెయే. డిగ్రీలో చేరుటకు అంతర్జాలమున దరఖాస్తు నింపవలెను. గడువు మూడు దినములే మిగిలియుండెను.

బాలిక పగలంతయు తల్లితో కూడ నాట్లకు పోయి, దీపాలవేళకు ఇల్లు చేరి కంప్యూటరు ముందు కూర్చుండెడిది. దరఖాస్తు పుట సగము తెరచుకొని ఆగిపోవును. ఒక్కొక్కమారు పూర్తిగా వచ్చును. వివరములన్నియు నింపి పంపబోవునప్పటికి మరల మాయమగును. రెండు రాత్రులిట్లే గడచెను.

“అక్కా! ఆ వెబ్‌సైటే చెడినది. పగలు నేనాడుకొను ఆటలు చక్కగా వచ్చుచున్నవి కదా! సాయంకాలము అందరును ఒక్కసారి దానిపై పడుచున్నారు” అని తమ్ముడు తీర్పు చెప్పెను. అంతటితో నూరకుండక, కంప్యూటరులోని అమరికలన్నియు మార్చివేయుటకు పూనుకొనెను.

వాకిట మంచముపై కూర్చున్న తాత వానిని వారించెను. “ఆగుము బిడ్డా! నాలుగు తూములు ఒక్కసారి త్రిప్పినచో నీరు దేనివలన వచ్చినదో ఎట్లు తెలియును? ఒక్కటి మార్చుము, చూడుము, తరువాత రెండవది. మఱియొక మాట. నీవు ఆట చూచినది పగలు. అక్క దరఖాస్తు చూచునది రాత్రి. ఆ రెంటికి పోలిక యెక్కడిది? ఇప్పుడే నీ ఆట తెరువుము.”

బాలుడు తెరచెను. ఆటయు ఆగి ఆగి నడచెను. బాలిక వెంటనే లక్షెట్టిపేటలోని స్నేహితురాలికి ఫోను చేసెను. ఆ యూరు రాయపట్నము వంతెన కావల, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనిది. అచ్చట అదే క్షణమున అదే పుట నిరాటంకముగా తెరచుకొనెను. “చెరువులో నీరున్నది తాతా!” అని బాలిక నవ్వెను.

ఇక కాలువ చూడవలెను. దారి బాగోగులు తెలిసికొనుటకు ‘పింగ్’ అను సాధనము కలదు. దీనిని 1983లో మైక్ మూస్ అను అమెరికా దేశస్థుడు రచించెను. అది ఒక చిన్న సందేశమును పంపి, బదులు వచ్చుటకు వేచియుండును. బాలిక మొదట ఇంటిలోని రౌటరు పెట్టెకు ఇరువది సందేశములు పంపెను, ఇరువదియు తిరిగివచ్చెను. ఇల్లు దాటి అవతలకు ఇరువది పంపగా తొమ్మిది మాత్రమే వచ్చెను. అనగా గండి పెట్టెకు ఆవలనే యున్నది. బీరువాపై నున్న ఆ పెట్టెను దించి చూడగా దానిపై ఎఱ్ఱని దీపము మినుకుచుండెను.

వృద్ధుడు పెట్టెనుండి బయలుదేరిన తీగను వ్రేళ్లతో తడవుచు నడచెను. అది గోడ వెంట పోయి, కిటికీ సందునుండి వీధి స్తంభమునకు పోవుచున్నది. దోమల భయముచే ప్రతి సాయంకాలము మూయబడు కిటికీ తలుపు ఆ తీగను నొక్కి మడచుచుండెను. తలుపు తెరచినంతనే ఎఱ్ఱ దీపము ఆరెను. నిశ్చయమునకై మరల మూసిరి, మరల వెలిగెను.

ఆ తీగ రాగిది కాదు, ఆప్టికల్ ఫైబరు. దానిలో వెండ్రుకవంటి గాజుపోగు ఉండును. సమాచారము కాంతిరూపమున దానిలో ప్రవహించును. స్వచ్ఛమైన గాజు కాంతిని బహుదూరము కొనిపోగలదని 1966లో వివరించిన చార్లెస్ కావోకు 2009లో నోబెల్ బహుమానము లభించినది. గాజుపోగు మిక్కిలి వంగినచో, గట్టు తెగిన కాలువనుండి నీటివలె, వెలుగు వెలుపలికి జారిపోవును. ఇచ్చట పోగు తెగలేదు, వంగినది మాత్రమే. కిటికీ పై చట్రమునకు రంధ్రము చేసి తీగను దానినుండి పోనిచ్చిరి. ఆ రాత్రియే బాలిక దరఖాస్తు చేరెను.

లోపము ఎల్లప్పుడును ఇంటిలోనే యుండునని దీని భావము కాదు. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపమున మధ్యధరా సముద్రగర్భములోని తీగలు తెగగా భారతదేశములోను అంతర్జాలము మందగించినది. అట్టినాడు కిటికీలన్నియు తెరచియుంచినను ఫలము లేదు. అది కిటికీయో సముద్రమో ఊహవలన తెలియదు; మడినుండి ఎగువకు నడచినవానికే తెలియును.

మఱునాటి సాయంకాలము కిటికీ మూసియే యుండెను. పెట్టెపై పచ్చని దీపము నిలకడగా వెలుగుచుండెను. తమ్ముడు అక్క ప్రక్కన కూర్చుండి, ఒక కాగితముపై తేదీ, వేళ, పంపిన సందేశములు, వచ్చిన బదుళ్లు వ్రాయుట మొదలిడెను. తాత ఆ కాగితమును చేతికి తీసికొని, “ఇప్పుడు నీవును నీరటివైతివి” అనెను.