గ్యాస్ ఎక్కడికి పోతది

23 మార్చి 2025, ఆదివారం

న్యూ బోయిగూడలో టింబర్ డిపోల వెనక ఒక ఇంట్లో కొత్త స్ప్లిట్ ఏసీ బిగించే పని. టన్నున్నరది. డబ్బా విప్పకముందే కరెంటు బోర్డు తెరిచి చూసిన. పాత వైరు, నడుమ టేపు చుట్టిన అతుకు. ఆ అతుకు కాడ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది. ఏసీ నడిచినంతసేపు ఏడెనిమిది ఆంపియర్లు లాగుతది, ఎండ ముదిరితే ఇంకా ఎక్కువ. ఈ వైరు మీద పెట్టనని ఇంటాయనకు చెప్పిన. బోర్డు నుంచి విడిగా నాలుగు ఎమ్మెమ్ వైరు గుంజాలె, దానికి దాని ఎంసీబీ ఉండాలె. "ఇంకొకాయన గివేం అడగలేదన్నా, గంటలో బిగిస్త అన్నడు" అన్నడాయన.

అప్పుడు ఇయ్యాల తారీఖు యాది చేసిన. 2022లో ఇదే రోజు తెల్లారకముందే ఈ బోయిగూడలోనే తుక్కు గోదాము కాలింది. పైన పండుకున్న బిహార్ కూలీలు 11 మంది చనిపోయిన్రు. కిందికి దిగనీకి దారి ఒక్కటే, అది మంటల్లో ఉన్నది. షార్ట్ సర్క్యూట్ అయి ఉంటదని అప్పుడు అనుమానపడ్డరు. అసుంటి పిల్లలే నా అవుట్‌డోర్ యూనిట్లు భుజం మీద పెట్టుకొని నాలుగంతస్తులు ఎక్కిచ్చేది. నాకు చుట్టాలేం కారు, అయినా ఎవరింట్లనన్నా బోర్డు తెరిచినప్పుడల్లా వాళ్లే మతికొస్తరు.

ఇంటాయన మారు మాట్లాడలేదు. వైరు ఎంత పొడుగు కావాలో రాసిమ్మన్నడు.

9 ఏప్రిల్, బుధవారం

పద్మారావునగర్. ఇంట్లో పెద్దమ్మ ఒక్కతే ఉంటది. ఏసీ ఆర్-22 గ్యాస్‌ది, చాలా పాతది. "ఏటా ఎండాకాలం మొదట్ల గ్యాస్ నింపిస్త బిడ్డా, నువ్వు కూడ నింపిపో" అన్నది. ఏటా నింపిస్తున్నదంటే ఏటా కారుతున్నట్టే.

ఈ సంగతి ఎంతమందికి చెప్పినా మళ్ల చెప్పాల్సిందే. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలు అసుంటిది కాదు, కాలి అయిపోదు. మూసిన రాగి గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతుంటది. లోపల అర్రలో వేడి గుంజుకొని ఆవిరైతది, బయట ఆ వేడి వదిలి మళ్ల నీరైతది. గొట్టం బాగుంటే ఇరవై ఏండ్లయినా తులం తగ్గొద్దు. తగ్గిందంటే ఎక్కడో బొక్క ఉన్నది. బొక్క మూయకుండ గ్యాస్ నింపుడు అంటే పెద్దమ్మ పైసలు తీసుకపోయి ఆకాశంలో వదులుడే.

ఇండోర్ యూనిట్ కిందికి దించి, నైట్రోజన్ ఎక్కించి సబ్బునీళ్లు పూసిన. గోడకానుకొని ఉన్న ఫ్లేర్ నట్టు కాడ బుడగలు లేచినయ్. దాని చుట్టు జిడ్డు నూనె మరక కూడ ఉన్నది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కొంచెం కొంచెం బయటికొస్తది కాబట్టి ఆ మరక పడ్డదంటే లీకు అక్కడే. వచ్చినోళ్లు ఎవరన్నా ఒక్కసారి నట్టు మీద చెయ్యి పెట్టి చూసినా తెలిసేది. గొట్టం కొస కోసి కొత్త ఫ్లేర్ కొట్టిన. వాక్యూమ్ పంపు పెట్టి మీటరు 500 మైక్రాన్ల కిందికి దిగి నిలబడేదాక కూసున్న. అవుట్‌డోర్ ప్లేటు మీద రాసినంత గ్యాస్ కాంటా మీద తూచి ఎక్కించిన.

"మరి ఇన్నేండ్ల గ్యాస్ ఎటు పోయింది?" అని అడిగింది పెద్దమ్మ. మంచి ప్రశ్న అడిగింది. ఆర్-22 పైకి పోయి ఓజోన్ పొరను తింటది. అందుకే 1987 మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని మెల్లమెల్లగ ఆపుతున్నరు. పైగా వేడి పట్టి ఉంచుట్లో కిలో ఆర్-22 అంటే, నూరేండ్ల లెక్కన, దగ్గర దగ్గర 1,800 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. పెద్దమ్మ చల్లగ పండుకోనీకి పెట్టిన పైసలు బయట ఎండను పెంచినయ్.

2 మే, శుక్రవారం

అక్క కొడుకు పని నేర్చుకుంట అని వచ్చిండు, ఇంటర్ అయింది. అశోక్‌నగర్‌లో హుస్సేన్‌సాగర్ నాలా ఒడ్డున ఒక ఇంటికి తీసుకపోయిన. కాయిల్ కడుగుతుంటే వాడే పట్టుకున్నడు: "మామా, రాగి నల్లబడ్డది సూడు." నాలా నుంచి లేచే మురుగు గాలిలో గంధకం ఉంటది, అది రాగిని తింటది. సూదిమొన అసుంటి బొక్కలు పడతయ్, కంటికి ఆనవు. ఒకటి అతికిస్తే పక్కన ఇంకొకటి తెరుచుకుంటది. కాయిల్ మార్చుడు ఒక్కటే దారి, అది కూడ పైన పూత ఉన్నదైతేనే కొంత కాలం నిలబడతది.

ఇంటాయనకు ఉన్నదున్నట్టు చెప్పిన. ఖర్చు విని, యాప్‌లో బుక్ చేస్తే గ్యాస్ టాప్-అప్ సగానికే ఐతదన్నడు. అయితది. దసరాలోపు మళ్ల ఖాళీ కూడ ఐతది. చూసిన కూలి మాత్రం తీసుకొని వచ్చినం. దారిలో పిల్లగాడు "నింపితే పైసలొచ్చేటియి గద మామా" అన్నడు. రోగం తెలిసి మందియ్యకుండ ఫీజు తీసుకునే డాక్టర్ కాడికి నిన్ను తోలాల్నా అని అడిగిన.

19 మే, సోమవారం

ఇప్పుడు ఎక్కువ ఏసీలు ఆర్-32తో వస్తున్నయ్. ఓజోన్‌కు హాని లేదు, భూమిని వేడెక్కించే గుణం కూడ పాత ఆర్-410ఏలో మూడోవంతే. కానీ మంట అంటుకునే గుణం కొంచెం ఉన్నది. కొన్నిట్ల ఆర్-290 వస్తది, అది అచ్చం ప్రొపేన్, గుప్పున అంటుకుంటది. పిల్లగానికి ఇయ్యాల గ్యాస్ వెల్డింగ్ నేర్పలేదు, వెల్డింగ్ ముందు ఏం చేయాలో నేర్పిన. ప్లేటు మీద గ్యాస్ పేరు చదువుడు, కిటికీలు తెరుసుడు, గొట్టంలోపల గ్యాస్ లేకుండ చేసి నైట్రోజన్‌తో కడుగుడు, అటెన్క అగ్గిపుల్ల.

2019లో కేంద్రం తెచ్చిన కూలింగ్ ప్లాన్‌లో లక్ష మంది మెకానిక్‌లకు శిక్షణ ఇస్తమని రాసిన్రు. మంచి మాట. ఆ శిక్షణ బోయిగూడ గల్లీదాక రావాలె. మూడో అంతస్తు సజ్జ మీద బెల్టు లేకుండ నిలబడి, చేతిల టార్చి పట్టుకునే పిల్లలకు అది పానం కాపాడే చదువు.

11 జూన్, బుధవారం

మిరుగు వచ్చింది, ఫోన్లు తగ్గినయ్. నిన్న కేంద్ర విద్యుత్ మంత్రి, ఇకనుంచి ఏసీలు 20 డిగ్రీల కిందికి పోకుండ తయారు చేయిస్తమన్నడు. కరెంటు ఆదా అయితది, కాదనను. 2020 నుంచే కొత్త ఏసీ ఆన్ చేయంగనే 24 మీద మొదలైతున్నది. కానీ ఫిల్టరు దుమ్ము పట్టి, గ్యాస్ సగం కారిపోయిన ఏసీకి 20 పెట్టినా 24 పెట్టినా ఒకటే. కంప్రెసర్ ఆగకుండ తిరుగుతది, అర్ర సల్లబడదు, మీటరు గిర్రున తిరుగుతది. రిమోట్ మీద అంకె గురించి మాట్లాడినంత గొట్టంలో లీకు గురించి మాట్లాడరు.

రాత్రి కస్టమర్లందరికి వాట్సాప్‌లో పంపనీకి రాసుకున్న:

గ్యాస్ తగ్గింది, నింపాలె అని ఎవరు చెప్పినా, నేను చెప్పినా సరే, ముందు లీకు ఎక్కడున్నదో చూపించుమని అడగండి. చూపించకపోతే పైసా ఇయ్యకండి.