ఐదుగురి దాస్తాన్

మానవుడు స్వభావరీత్యా కథాప్రియుడు. కథ చెప్పేవాడు ఒక్కడు, ఊ కొట్టేవారు పదిమంది కావడం మన పల్లెల్లో తరతరాల ఆనవాయితీ. జనగామ ప్రాంతంలోని మాణిక్యపురం వాస్తవ్యులు, 2017లో కీర్తిశేషులైన చుక్క సత్తయ్య గారి పేరు వినగానే మనకు ఒగ్గుకథ స్ఫురిస్తుంది. ఉర్దూలో ఆ స్థానం దాస్తాన్‌గోలది. 1928లో ఢిల్లీలో మీర్ బాఖర్ అలీ మరణంతో అంతరించిందనుకున్న ఆ కళను 2005లో మహమూద్ ఫారూఖీ తదితరులు పునరుద్ధరించారు. అయితే ఈ రెండు సంప్రదాయాలలోనూ శ్రోత చేయగలిగినది ఊ కొట్టడమే. శ్రోతయే కథలో ఒక పాత్రయై, తరువాత ఏమి జరగాలో తానే నిర్ణయించుకొనే ఒక ఆటను గురించి పూర్వ విద్యార్థులమైన మేము ఈ సంచికలో నాలుగు మాటలు విన్నవించదలచాము.

ఈ ఆట మనది కాదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' పేరిట దీనిని వెలువరించారు. ఒకరు సూత్రధారిగా ఉండి స్థలాన్ని, సన్నివేశాన్ని వర్ణిస్తారు. మిగిలినవారు తలా ఒక పాత్ర ధరించి తామేమి చేయదలచారో చెబుతారు. ఫలితం సందేహాస్పదమైనప్పుడు ఇరవై ముఖాల పాచిక తీర్పు చెబుతుంది. ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఆడవలసిన ఈ ఆట క్రమంగా దూరాలను కూడా జయించింది. 1978లోనే ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టల్ కంప్యూటర్‌పై అక్షరాలు కొడుతూ పలువురు కలిసి సంచరించే 'మడ్' అను కాల్పనిక ప్రపంచానికి రూపమిచ్చారు.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలై, వసతిగృహాలు మూతపడినప్పుడు మేము ఐదుగురు మిత్రులం చెల్లాచెదరయ్యాము. ఇద్దరం జనగామకు, ఇద్దరం మానుకోటకు, ఒకరు భూపాలపల్లికి చేరాము. ఇంటికి ఒక్కటే ఫోను. అది కూడా తమ్ముళ్ల, చెల్లెళ్ల పాఠాలు ముగిసిన తరువాతనే మా చేతికి వచ్చేది. గొంతు కలిపి మాట్లాడదామంటే సిగ్నలు తెగిపోయేది. అందుచేత వాట్సాప్‌లో కేవలం అక్షరాలతోనే ఆడాలని నిశ్చయించుకున్నాము. నియమాల సంగ్రహం అంతర్జాలంలో ఉచితంగా లభించింది.

విదేశీ నేలమాళిగలతో మాకు పని కలుగలేదు. జఫర్‌గఢ్ కోట, గణపతిదేవుని సోదరి మైలాంబ శాసనమున్న బయ్యారం చెరువు, ఆదిమానవుల రంగు చిత్రాలున్న రేగొండ సమీపంలోని పాండవుల గుట్టలు మా కథకు రంగస్థలాలయ్యాయి. కాకతీయ కాలపు బాటసారులు మా పాత్రలు. ఒకరు వైద్యుడు, ఒకరు గుర్రపు వర్తకుడు, ఒకరు దొంగ, ఒకరు రాయబారి. ఐదవవారు సూత్రధారి. ఉర్దూ మాతృభాషగా గల మిత్రుడు తన వర్తకుని సంభాషణలను ఉర్దూలోనే, తెలుగు లిపిలో రాసేవాడు. అర్థం కాని మాటకు అక్కడికక్కడే అర్థం అడిగేవాళ్లం. ఆ విధంగా తరగతి గదిలో అబ్బని ఉర్దూ మాటలెన్నో మాకు కథలో అబ్బాయి.

ఇరవై ముఖాల పాచిక మా ఊళ్ల దుకాణాలలో దొరకదు. పైగా ఒక మిత్రుని తాతగారు పాచిక ముట్టరాదన్నారు. పందెం లేకున్నా పెద్దల మాట పెద్దల మాటే. కనుక ఒకటి నుండి ఇరవై వరకు అంకెలు రాసిన చీటీలను స్టీలు గ్లాసులో వేసుకున్నాము. తీసిన చీటీని మళ్లీ గ్లాసులో వేసి కలపాలి. లేకున్నచో తరువాతి లెక్క తప్పుతుంది. 12 లేదా అంతకు మించిన అంకె కావాలంటే ఇరవై చీటీలలో తొమ్మిది అనుకూలం, అనగా నూటికి 45 వంతుల అవకాశం. సంభావ్యత అను పాఠం మాకు బోధపడినది ఈ గ్లాసుతోనే.

కానీ ఎవరి గ్లాసు వారి ఇంట్లోనే ఉన్నది. తీసిన చీటీని చూసేవారు లేరు. ఏ అంకె రాస్తే అదే సత్యం.

భూపాలపల్లి మిత్రునికి చిన్ననాటి నుండి నత్తి. తరగతిలో అతడు లేచి నిలబడితే సగం వాక్యాన్ని మేమే పూర్తి చేసేవాళ్లం. అది సహాయమని భావించేవాళ్లం. ఆటలో అతడు కోరి తీసుకున్న పాత్ర రాయబారి! తెరమీద 'టైపింగ్' అను మాట చాలాసేపు కదలాడేది. ఆ తరువాత ఒక్కసారిగా నాలుగైదు వాక్యాలు వెలువడేవి, చెక్కిన శిల్పాల వలె. రెండేళ్లు పక్కన కూర్చున్న మాకు అతనిలో అంత వాక్చాతుర్యం ఉన్నదని తెలియదు.

జూన్ నెలలో ఒక రాత్రి కథ జఫర్‌గఢ్ కోట వాకిలికి చేరింది. రాయబారి కావలివారిని ఒప్పించాలి. 12 రావాలి, రాకపోతే బాణం. మూడు నెలలుగా తీర్చిదిద్దుకున్న పాత్ర అది. మేమందరం వేచి ఉన్నాము. కొంతసేపటికి తెరమీద ఒక్క మాట వచ్చింది: "రెండు."

పద్దెనిమిది అని రాసినా అడిగేవారు లేరు. అతడు రెండనే రాశాడు. ఆ పైన రాయబారి చివరి మాటలను తానే రాసి, తన వెంట తెచ్చిన లేఖను వర్తకుని చేతిలో పెట్టి సెలవు తీసుకున్నాడు. ఆ రాత్రి ఎవరమూ ఇంకేమీ రాయలేకపోయాము.

కళాశాల తిరిగి తెరిచిన తరువాత మిత్రుని నత్తి పోలేదు. మారినది మేము. అతడు మాట వెదుక్కుంటున్నప్పుడు అందించడం మానివేశాము. తెరమీది అక్షరాల కోసం వేచి ఉన్నట్లే ఎదుట కూడా వేచి ఉన్నాము. ఆ సంవత్సరం సెమినారులో అతడు తన వ్యాసాన్ని ఆద్యంతం తానే చదివాడు. పది నిమిషాల వ్యాసానికి ఇరవై నిమిషాలు పట్టింది. లేచి వెళ్లినవారు లేరు.

ఇది కాలక్షేపమని కొందరు పెద్దలు అనవచ్చు. కాలం ఖర్చు కావడం నిజమే; అందుకే వారానికి రెండు రాత్రులు, గంటన్నర అని మేము హద్దు పెట్టుకున్నాము. కానీ రాయడం, వినడం, లెక్క కట్టడం, చూసేవారు లేనిచోట కూడా నిజం పలకడం, ఇవన్నీ ఒక్కచోట నేర్పే సాధనం చవకైనప్పుడు దానిని కాదనడం ఎందుకు? దీనికి కావలసినవి ఇరవై చీటీలు, ఒక గ్లాసు మాత్రమే.

కళాశాల కమిటీ వారు శనివారం సాయంత్రం గ్రంథాలయంలో ఒక బల్లను ఇందుకు కేటాయించగలరని, తెలుగు, ఉర్దూ విద్యార్థులు ఆ బల్ల చుట్టూ కలిసి కూర్చోగలరని ఆశిస్తున్నాము. మాట తొందరగా రాని విద్యార్థి ప్రతి తరగతిలోనూ ఒకరుంటారు. ముందుగా వారిని పిలవవలసినదిగా మా మనవి.