మారీచుడు మరువని బాలుడు

1987 జనవరి 25, ఆదివారము ఉదయమున దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ రామాయణము మొదలైన నాటినుండి, ఖమ్మములో పొరుగింటివారి వసారాలో చాపలపై కూర్చుండి దానిని చూచిన పిల్లలలో నేనొకడను. హిందీ మాటలు తెలియకున్నను కథ ఉగ్గుపాలతో వచ్చినదే. నా చూపు మాత్రము విశ్వామిత్రుని వెంట కాలినడకన పోవు రాజకుమారునిపై నిలిచెను; ఏలయన, భద్రాద్రిపై చతుర్భుజుడై, సీతను వామాంకమున నిడుకొనిన స్వామిని ఎరిగినవారమే కాని, పదునారేండ్లైన నిండని రాముని మేమెన్నడును తలచియుండలేదు.

మహావీరుని కౌమారమును చెప్పవలెనను కోరిక ఒక్క మనదే కాదు. అమెరికాలో 2001 నుండి 2011 వరకు నడచిన స్మాల్‌విల్ ధారావాహిక, సూపర్‌మ్యాన్ కాబోవు క్లార్క్ కెంట్‌ను కాన్సాస్ రైతుదంపతుల ఇంట పెరుగు విద్యార్థిగా చూపి, ఆ ప్రసిద్ధ వేషమును కడపటి భాగము దాక దాచియుంచెను. బలము పుట్టుకతో వచ్చినను, దాని మేర తెలుపువారు ఒకరుండవలెను. బాలకాండమున ఆ పని గురువుది: సరయూతీరమున బల, అతిబల విద్యలు, తాటక స్త్రీ యని సంకోచించిన శిష్యునికి కర్తవ్యోపదేశము, అటుపిమ్మటనే అస్త్రప్రదానము. సిద్ధాశ్రమమున ఆరు పగళ్లు, ఆరు రాత్రులు యజ్ఞమునకు కావలి కాచిన ఆ బాలుడు సుబాహుని సంహరించి, మారీచుని మాత్రము ప్రాణముతో సముద్రమున పడద్రోసెను.

ఆ మిగిలిన ప్రాణమే మా అడవికి వచ్చినది. భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, దుమ్ముగూడెము మండలములో, గోదావరి యొడ్డున నున్న పర్ణశాలయే బంగారులేడి తిరుగాడిన చోటని మా ప్రాంతమువారి విశ్వాసము. సీతమ్మవాగు రాళ్లమీది చారలు ఆ తల్లి చీర ఆరవేసిన గుర్తులని పెద్దలు నేటికిని చూపుదురు. లేడిరూపము దాల్చుటకు ముందు మారీచుడు రావణునికి చెప్పినది, మీసమైన మొలవని ఒక బాలుడు ఒకే బాణముతో తన్ను కడలిలోనికి విసరివేసిన వృత్తాంతము. రకారముతో మొదలగు మాట విన్నను తనకు వణుకు పుట్టుననియు అతడే చెప్పుకొనెను. రాముని కౌమారమును అంత స్ఫుటముగా జ్ఞాపకముంచుకొన్నవాడు శత్రువగుట నన్ను నేటికిని కదలించును.

గుణశేఖర్ 1997లో బాలబాలికలతోనే తీసిన రామాయణమున, పదునాలుగేండ్లు నిండని జూనియర్ ఎన్టీఆర్ విల్లు పట్టి నిలిచినప్పుడు, మారీచుడు చూచిన ముఖమిట్లే యుండునని నాకు తోచెను.

శ్రీరామనవమినాడు భద్రాచలము మిథిలా స్టేడియములో ముత్యాల తలంబ్రాలు రాలుచుండగా, ఆ పెండ్లికుమారుడు శివధనుస్సు నెత్తుటకు ముందు ఇంకొకరి యజ్ఞము కొరకు నిదుర మానుకొనిన పిల్లవాడని తలచి చేతులు జోడింతును. పర్ణశాలకు బిడ్డలను తోడ్కొనిపోవు తల్లిదండ్రులు లేడికథతోపాటు ఆ కావలికథను గూడ చెప్పవలెనని నా ప్రార్థన; వారి యీడువాడే గదా ఆ కావలి కాచినది.