మానని తల పుండు

తల మీది చర్మానికి రక్తం ధారాళంగా అందుతుంది. చిన్న దెబ్బకే చొక్కా తడిసేంత కారినా, కుట్లు వేస్తే వారం పది రోజుల్లో అతుక్కుపోతుంది. కోట్‌పల్లి చుట్టుపక్కల చేలల్లో కొమ్మ గీసుకున్నవాళ్లు, తాండూరు బండల అంచు తగిలి తల పగిలినవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. అందరికీ ఇంచుమించు అలాగే మానుతుంది. అందుకే తల మీద పుండు నెల దాటినా మానలేదంటే నేను మందు మార్చే ముందు కారణం వెతుకుతాను.

ఒకామె చిన్నప్పుడు పొయ్యిలో పడింది. సగం తల నున్నటి మచ్చ, దాని మీద ఎప్పుడూ కొంగు. ఆ మచ్చలోనే పుండు లేచింది. “గంప మోస్తే ఒరుసుకున్నది సారూ, పసుపు పెడ్తున్న, మాన్తలేదు” అంది. షుగరు కాస్త ఎక్కువుంది కాబట్టి ఇంట్లో అందరూ నెపం దాని మీదికే నెట్టారు. షుగరు అదుపులోకి వచ్చింది, పుండు మాత్రం అలాగే ఉంది. కొంగు తీయించి చూస్తే అంచులు ఉబ్బి గట్టిపడ్డాయి, వేలు తగిలితే రక్తం, దుర్వాసన. కాలిన పాత మచ్చలో ఎన్నో ఏళ్ల తరువాత క్యాన్సర్ పుట్టవచ్చు. మచ్చల్లో లేచే ఇలాంటి పుండ్లను ఫ్రెంచి సర్జన్ మార్జొలాన్ 1828లోనే వర్ణించాడు, ఇప్పటికీ వాటికి ఆయన పేరే.

ముక్క తీసి పరీక్షకు పంపుదామంటే కొడుకు ఒప్పుకోలేదు. కత్తి తగిలితే పాకుతుందని ఎవరో చెప్పారట. ఈ భయం మా ప్రాంతంలో చాలామందిని ఆలస్యం చేస్తోంది. ముక్క తీయడం వల్ల ఈ జబ్బు పాకదు, తీయకుండా గడిపిన నెలల్లోనే లోతుకు దిగి ఎముకను పట్టుకుంటుంది. అతన్ని కూర్చోబెట్టి ఈ మాటే చెప్పాను. పుండు నడుమ చచ్చిన కండ ఉంటుంది కాబట్టి అంచు నుంచి తీసి పంపాం. క్యాన్సరేనని తేలింది. హైదరాబాద్ ఎమ్‌ఎన్‌జే ఆసుపత్రిలో పుండు చుట్టూ వెడల్పుగా కోసి, తొడ చర్మం తెచ్చి అతికించారు.

అన్నీ క్యాన్సర్లు కావు. పిల్లల తల మీద మెత్తగా ఉబ్బి, చీము కారుతూ, పట్టుకుంటే జుట్టు ఊడివస్తుంటే అది చాలాసార్లు తామర పుట్టించే బూజే. పశువుల నుంచీ పిల్లుల నుంచీ కూడా అంటుతుంది. దాన్ని గడ్డ అనుకుని కోయకూడదు. పైపూత వెంట్రుక కుదుళ్ల లోపలికి చేరదు, వారాల తరబడి మాత్రలు మింగాల్సిందే. తల మీది పుండ్లతో పాటు నోట్లోనూ పుండ్లుంటే పెంఫిగస్ అనే బొబ్బల జబ్బును అనుమానిస్తాను. అనంతగిరి కొండ మీద నిజాం కాలం నుంచీ క్షయ ఆసుపత్రి ఉన్న ప్రాంతం మాది. నొప్పి లేని గడ్డ చితికి కారుతూ ఉంటే పుర్రె ఎముకలో క్షయ ఉందేమో చూడాలి.

బట్టతల పెద్దలది మరో కథ. ఎండంతా నడినెత్తి మీదే పడుతుంది, అక్కడ పుండు లేస్తే పైన రుమాలు చుట్టేస్తారు. భార్య కంటే ముందు ఆ పుండును చూసేది క్షవరం చేసే మనిషి. అందుకే ఊళ్లోని సెలూన్లకు వెళ్లి చెప్పాను: ఒకే చోట పదే పదే పొక్కు కట్టి రక్తం వస్తుంటే దాన్ని గీకకుండా నా దగ్గరికి పంపండి అని. మొన్న ఒక రైతు అలాగే వచ్చాడు. ఆయన ముక్క ల్యాబుకు వెళ్లింది.