అప్పుడప్పుడు మొరాయించే లాప్‌టాప్

పూర్తిగా చెడిపోయిన యంత్రాన్ని బాగుచేయడం కొంత సులభమే. వారానికి రెండు మూడు మార్లు మాత్రమే మొరాయించే యంత్రం అనుభవజ్ఞుణ్ణి సైతం తికమకపెడుతుంది. మా ఇంటి లాప్‌టాప్‌ది ఈ రెండో జబ్బు. బటన్ నొక్కగానే కంపెనీ గుర్తు కనిపించేది, దాని కింద చుక్కలు గుండ్రంగా తిరిగేవి. కొన్ని ఉదయాలు ఆ చుక్కలు ఉన్నచోటనే నిలిచిపోయేవి. బటన్ నొక్కిపట్టి ఆపి మళ్లీ వేస్తే, ఏమీ జరగనట్టే తెరుచుకునేది. దుకాణానికి తీసుకువెళితే అక్కడ బుద్ధిగా పనిచేసింది. “ఫార్మాట్ చేసేద్దాం మేడమ్” అన్నాడు అక్కడి కుర్రవాడు.

నేను అంగీకరించలేదు. అందులో మా అమ్మీ గొంతు ఉంది. ఆమె చివరి ఏడాది తన బాల్యాన్ని గురించి చెప్పిన మాటలను మా అమ్మాయి ఫోనులో రికార్డు చేసి అందులో దాచింది. మొత్తం 43. ఫార్మాట్ చేస్తే అవి తుడిచిపెట్టుకుపోతాయి. కనుక ఏ పరీక్షకూ పూనుకోకముందే, యంత్రం తెరుచుకున్న ఒక ఉదయం వాటన్నిటినీ బయటి డిస్కుకు ఎక్కించాము. నిమిషాల్లో కావలసిన పనికి గంటకు పైగా పట్టింది.

ఆ తర్వాత ఒక నోటుపుస్తకం పెట్టాను. ఫజ్ర్ తర్వాత యంత్రాన్ని వేయడం, ఏ దశలో ఆగిందో, చార్జర్ తగిలించి ఉందో లేదో రాసుకోవడం. ఒకసారికి ఒక్క మార్పే చేయాలని అమ్మాయికి గట్టిగా చెప్పాను; నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే గుణమిచ్చినది ఏదో తెలియదు. మొదట మౌసు, ప్రింటరు, పెన్‌డ్రైవ్ తీసేశాము. మూడు రోజులు చక్కగా నడిచింది. “నయమైపోయింది అమ్మీ!” అంది అమ్మాయి. నాలుగో రోజు ఆగిపోయింది. ఇటువంటి జబ్బులో మూడు మంచి రోజులు దేనికీ సాక్ష్యం కావు.

తర్వాతి అనుమానం ఫాస్ట్ స్టార్టప్ మీదికి పోయింది. విండోస్ 8 నుంచి ఉన్న ఏర్పాటు ఇది. షట్‌డౌన్ నొక్కినా వ్యవస్థ తన స్థితిలో కొంత భాగాన్ని డిస్కుపై భద్రపరచుకొని, మరుసటిసారి దాన్నే ఎత్తుకుంటుంది. రీస్టార్ట్ నొక్కినప్పుడు మాత్రం మొదటినుంచి మొదలవుతుంది. మాది రీస్టార్ట్‌లోనూ ఆగింది కనుక దోషం దానిది కాదు. మెమరీ పరీక్షలోనూ తప్పు కనబడలేదు.

చివరకు ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. ఆగిన ప్రతిరోజూ కెర్నల్-పవర్ 41 అనే పంక్తి ఉంది. దాన్ని చూసి బ్యాటరీ మార్పించేవారున్నారు. నిజానికి అది యంత్రం సక్రమంగా ఆపబడలేదని చెబుతుందే గాని ఎందుకో చెప్పదు. అసలు సంగతి దాని చుట్టుపక్కల ఉంది: డిస్కు పేరిట 7వ నంబరు ఈవెంటు, అంటే చదవలేని భాగం. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే స్మార్ట్ పట్టికలో కూడా చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్ల సంఖ్య సున్నా కాదు. తిరిగే హార్డ్‌డిస్కు బలహీనమైన చోటును మళ్లీ మళ్లీ చదివి చూస్తుంది. ఏదో ఒక ప్రయత్నం ఫలిస్తే విండోస్ తెరుచుకుంటుంది. ఫలించకపోతే చుక్కలు ఆగుతాయి. దుకాణంలో బుద్ధిగా నడిచిందంటే ఆనాడు ఆ ప్రయత్నం ఫలించిందన్నమాట. ఫార్మాట్ చేసినా ఆ అరిగిన డిస్కు అరిగినదే.

దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయించి, విండోస్ కొత్తగా ఎక్కించాము. చుక్కలు మళ్లీ ఆగలేదు. పాత డిస్కును కొన్నాళ్లకు బయటి పెట్టెలో పెట్టి చూస్తే, 43లో ఆరు తెరుచుకోలేదు. వాటిలో ఒకటి అమ్మీ తన నికాహ్ నాటి వానను గురించి చెప్పినది. ఇప్పుడు అది మా దగ్గరున్న నకలులో మాత్రమే ఉంది. చెల్లెలికి కూడా ఒకటి పంపాను.