అప్పీలు ఎక్కడన్నది దావా అంకెలోనే ఉంది

పరువు నష్టం దావా వేస్తానంటూ వచ్చే కక్షిదారులు చాలామంది నోట మొదట వచ్చే మాట: "హైకోర్టు దాకా లాగుదాం సార్!" కింది కోర్టు గడప ఇంకా తొక్కలేదు, అప్పుడే పై కోర్టు ఊసు. సివిల్ ప్లీడరుగా నేను వాళ్లకు చెప్పేది ఒకటే. అప్పీలు ఏ కోర్టుకు పోతుందో, దావాలో మీరు వేసే అంకెతోనే చాలావరకు తేలిపోతుంది.

ముందు దావా ఎక్కడ వెయ్యాలో చూడాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 19వ సెక్షన్ ప్రకారం మాట అన్న ఊళ్లోనైనా, అన్నవాడు కాపురముండే ఊళ్లోనైనా వెయ్యొచ్చు. ఢిల్లీలో ఉండేవాడు కలకత్తాలో ఒకరి పరువు తీసే రాతలు ప్రచురిస్తే ఆ రెండు చోట్లలో ఎక్కడైనా దావా పడుతుందని చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు. చీరాల పెళ్లిపందిట్లో నోరు పారేసుకున్నవాడిది విజయవాడ అయితే మనకూ అదే లెక్క. నోటిమాటకు సాధారణంగా అన్న రోజు నుంచి ఏడాదే గడువు. పెద్దమనుషుల రాజీ కోసం చూస్తూ కూర్చుంటే అది కాస్తా దాటిపోతుంది.

ఇక అంకె. చిన్న మొత్తమైతే జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. పాతవాళ్లకు అది ఇప్పటికీ మున్సిఫ్ కోర్టే. దాని డిక్రీ మీద అప్పీలు జిల్లాలోనే వింటారు. సీనియర్ సివిల్ జడ్జి డిక్రీ అయితే దావా విలువను బట్టి జిల్లా కోర్టుకో, హైకోర్టుకో పోతుంది. జిల్లా జడ్జి డిక్రీ అయితే హైకోర్టుకే. కోటి అడిగినవాడికి కోర్టు లక్షే ఇప్పించినా, అప్పీలు కోర్టును తేల్చేది దావాలో వేసిన ఆ కోటే. దావా ఫీజూ కోటి మీదే కట్టాలి. చివరికి ఆ లక్ష కోసం ఇద్దరూ అమరావతి తిరుగుతారు. 2019 జనవరి 1కి ముందైతే హైదరాబాద్ తిరిగేవారు.

గడువులూ వేరే. జిల్లాలో అప్పీలుకు 30 రోజులు, హైకోర్టుకు 90. డిక్రీ నకలు తయారు కావడానికి పట్టిన రోజులు ఇందులోంచి మినహాయిస్తారు. అందుకే తీర్పు రాగానే మా గుమాస్తా కాపీ అప్లికేషన్ పెట్టేస్తాడు. తప్పు కోర్టులో వేస్తే కాగితాలు వాపసు వస్తాయి. ఆలస్యం మన్నించమని పిటిషన్ పెట్టి, ఎందుకు పొరబడ్డామో జడ్జిగారిని ఒప్పించాలి.

క్రిమినల్ కేసుకు ఈ అంకెల గొడవ లేదు. 2024 జూలై 1 నుంచి పరువు నష్టం నేరం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కిందికి వచ్చింది. మేజిస్ట్రేటు జైలుశిక్ష వేస్తే అప్పీలు సెషన్స్ కోర్టుకు.

కోపంలో పరువుకు ఖరీదు కట్టకండి. అంకె వేసే ముందు మీ ప్లీడరును ఈ ఒక్క ప్రశ్న అడగండి: "దీని మీద అప్పీలు ఎక్కడ పడుతుందండీ?"